గువ్వ దొరకలేదు

ఎర్రక్షరాల్ల ఒక్కటే మాట:
గువ్వ అనే పేరుతోని ఇక్కడ ఏదీ లేదు.

లేకపోవుడేంది?
రాత్రి పదకొండుకు నేనే రాసి, నేనే కట్టి,
నేనే ఇన్‌స్టాల్ చేసిన.
నూటికి నూరు అని మిషన్ గూడ ఒప్పుకున్నది.
ఫోల్డర్ తెరిస్తే కండ్లముందల కూసున్నది గువ్వ,
పిలిస్తె మాత్రం పలుకది.

సొహార్‌ల, క్యాంపు మిద్దెమీద,
వాటర్ ట్యాంకు పక్కన నా దుకాణం:
అంచు పగిలిన లాప్‌టాప్,
బొటనవేలంత రేడియో,
పీవీసీ పైపుకు కట్టిన రాగితీగలు రెండు,
ఒక్కోటి నలభై ఆరు సెంటీలు, కొలిచి కోసినవి.
ఆగస్టుల ఇక్కడ రాత్రి గూడ ఒళ్లు ఆరది.
కీబోర్డు మీద కారేది చెమటనో సముద్రమో.

పగలు పోర్టుల కేబుళ్లు గుంజుత.
పెద్ద ఓడలు ఎవలికైనా కనబడుతయి,
దాద్‌మొహమ్మద్ పడవ చిన్నది.
వెనక గేటు కాడ కన్నద్ చేపలమ్ముతడు,
అతని బలూచీ, నా హిందీ, ఇద్దరి అరబ్బీ
కలిపి ఒక భాష చేసుకున్నం.
పడవకు కొత్తగ బిగించిన పెట్టె చూపెట్టి ఓనాడు అడిగిండు:
"ఇది నా సంగతి ఎవలికన్నా చెప్తున్నదా,
ఊకెనే మినుకుతున్నదా?"
విని చెప్త అన్న. గువ్వ అట్ల పుట్టింది.

మొదటి చిక్కు జల్దిన దొరికింది.
లాప్‌టాప్‌ల పైథాన్లు రెండున్నయి,
ఒకటి మొన్నటి అప్‌డేట్‌తోని వచ్చి చెప్పకుంటనే దిగింది.
నేను పాత ఇంట్ల పెట్టిన,
రేడియో కొత్త ఇంట్ల దేవులాడుతున్నది.
తొవ్వ రాసిచ్చిన.

ఈసారి గువ్వ ఉన్నదన్నది,
లోపల "విను" అనేటిది మాత్రం లేదన్నది.

గంట పోయినంక కనబడ్డది మాయ.
ముందు ఫైలుల, నేను రాయనియి, రెండు లైన్లు:
తప్పొస్తె ఏమనకు, దాటి పో.
తప్పొచ్చింది. మింగింది.
ఏం తెల్వనట్టు నిలబడ్డది.
చెరిపేసిన ఆ రెండు లైన్లు.
అప్పుడు ఎల్లింది అసలు గొంతు:
అంకెలు, అక్షరాలు, కిందిగీతలు మెలివడ్డ
మూరెడు పేరొకటి,
ఈ పేరుగల్లది ఎవ్వరూ లేరని.

నవ్వొచ్చింది నాకు.
అరబ్బీల ప లేదు గనుక
నా కార్డు మీద పోశెట్టి బోషెట్టి అయిండు,
నాయిన పేరు ఇంటిపేరయింది.
బ్యాంకు కార్డు పేరుకు కలవక
రెండు నెల్లు జీతం గాలిల ఆగింది.
అద్దం వెనక పోరడు నెమ్మదిగనే చెప్పిండు:
"నువ్వున్నవు. సిస్టంల లేవు."

మెలివడ్డ పేర్లు విప్పేటందుకు ఒక పనిముట్టున్నది.
విప్పితే నా ఫంక్షనే,
లెక్క సరిచూసేటిది, పోయిన శుక్రవారం రాసింది.
ఫైలున్నది, మాట మాటా సక్కగున్నది.
కట్టేటి పట్టీల దాని పేరెక్కియ్య మరిచిన.
అంతే. ఒక్క లైను.

మళ్ల కట్టుడు. ఫ్యాను రొద.
ఆరేసిన ప్యాంటు కోసం వచ్చిన రాజమల్లు
"ఇంక పండలేవా, పిచ్చోడా" అనుకుంట పోయిండు.
అరవై రెండు శాతం కాడ చానాసేపు ఆగింది.
నీళ్లు తాగిన. ఆగింది. పొయింది.

మూడున్నరకు ఎర్రక్షరాలు రాలేదు.
ట్యాంకర్లు మూడు. టగ్గు ఒకటి.
మళ్ల, షినాస్ దిక్కు, ఇసుకగింజంత చుక్క.
చేపల కాయితం మీద రాసుకున్న
తొమ్మిదంకెల నంబరే.
పేరు గడి ఖాళీ.
పెట్టె బిగించినోడు నింపలేదు.

వెనక గేటు కాడ ఇది ఏ భాషల చెప్పాలె?

పచ్చరంగుల ఇంకో హెచ్చరిక ఉన్నది, అర్థం కాలే.
బస్సు ఐదింటికి.
బనీను పిండుకోని కూసున్న.
చుక్క కదులుతున్నది,
గంటకు నాలుగు మైళ్లు, వలలున్న దిక్కు.